మేకు ఎక్కడ దిగాలి?

తెర మీద గుర్రం దౌడు తీస్తుంటే హాల్లో అందరి కళ్ళూ హీరో మీదే ఉంటాయి. నేల క్లాసు వాడు హీరో టోపీ చూసి ఈల వేస్తాడు. బాల్కనీ వాళ్ళు ఆయన స్టయిలు చూసి మురిసిపోతారు. నా కళ్ళు మాత్రం తిన్నగా కాళ్ళ మీదికి పోతాయి. హీరో కాళ్ళు కాదండోయ్, గుర్రం కాళ్ళు! తెర మీదికి ఎద్దులబండి వచ్చిందా, ఎద్దుల కాళ్ళు. లాడాలు ఉన్నాయా? ఉంటే కొత్తవా, అరిగినవా? ఈ లోపల డైలాగు అయిపోతుంది, పాట మొదలవుతుంది, పక్కవాడు “ఏమన్నాడు? ఏమన్నాడు?” అని అడిగితే నా దగ్గర జవాబుండదు.

‘నయా దౌర్’ (1957) చూశారా? దిలీప్‌కుమార్ టాంగా బస్సుతో పందెం కడుతుంది. అడ్డదారి వేస్తారు, వంతెన కడతారు, చివరికి గుర్రం గెలుస్తుంది. హాలంతా వంతెన నిలబడుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూస్తుంటే, నాకు ఒకటే బెంగ. ఆ రాళ్ళ దారిలో లాడం ఊడితే ఎట్లా? ఇంకో సంగతి చెప్పనా? సినిమాల్లో మనం వినే ఆ ‘టకటక’ కూడా చాలాసార్లు గుర్రానిది కాదు. సౌండు గదిలో కూర్చుని రెండు కొబ్బరి చిప్పలు కొట్టినది! కొబ్బరి చిప్పలకు లాడాలు అక్కర్లేదు గదా, అందుకే అవి ఎప్పుడూ జారవు.

నాకీ పిచ్చి పట్టింది కలికిరిలో. మదనపల్లె నుంచి వాయల్పాడు మీదుగా పీలేరు పోయే దారిలో వస్తుంది మా కలికిరి. పాకాల–ధర్మవరం రైలు లైను మీద స్టేషనుంది. అక్కడికి రెండు మైళ్ళ దూరంలో మా పల్లె. మా నాయనకు కొంచెం చెరకు, కొంచెం చెనక్కాయ, ఒక జత హళ్ళికారు ఎద్దులు, ఒక బండి. హళ్ళికారు అంటే మైసూరు సీమ జాతి. సన్నగా, నిటారు కొమ్ములతో, బాణంలా ఉంటాయి. పొరుగునే పుంగనూరు ఉంది, పొట్టి ఆవులకు పేరు మోసిన ఊరు. పాలకు అవి బాగుంటాయి గాని, బరువు బండి తారు రోడ్డు మీద లాగాలంటే హళ్ళికార్లే కావాలి.

సంత రోజున చెట్టు కింద లాడాల సాయిబు కూర్చునేవాడు. గోతం పరిచి, దాని మీద సుత్తి, పట్టకారు, ఉలి, ఆకురాయి, మేకుల డబ్బా పెట్టుకునేవాడు. నేను ‘తాతా’ అని పిలిచేవాణ్ణి. నాయనతో బండి మీద పోయేది సంతకే అయినా, నా లెక్కలో అది రెండు సినిమాలు. ఒకటి రాత్రికి డేరా టాకీసులో, ఇంకోటి పొద్దున సాయిబు చెట్టు కింద. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ ఉత్కంఠగా ఉండేది.

గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడి నాలుగో కాలు ఇస్తుంది. ఎద్దు ఇవ్వదు. అందుకని ఎద్దుకు తాడు చుట్టి, మెల్లగా పక్కకు పడేసి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టి, ఒక మనిషి కొమ్ములు పట్టుకుని మెడ దగ్గర కూర్చుంటాడు. గుర్రం గిట్ట ఒకటే ముక్క, ఎద్దు గిట్ట రెండు చీలికలు. అందుకని ఎద్దుకు కాలికి రెండు బిళ్ళలు. ఒక ఎద్దుకు 8, జతకు 16. బిళ్ళకు నాలుగు మేకులు వేసుకుంటే 64. ఈ 64 మేకుల్లో ఏ ఒక్కటి తప్పు చోట దిగినా బండి ఇంటి దగ్గరే!

సాయిబు చేత్తో పని చేస్తూ నోటితో పాఠం చెప్పేవాడు. “కొట్టేదానికేముందిరా అబ్బోడా, సుత్తి ఉన్నోడు ఎవుడైనా కొడతాడు. యాడ కొట్టగూడదో తెలియాల. ముందు అది తెలుసుకో.”

గిట్ట అంచు చుట్టూ గట్టి గోడ ఉంటుంది. మన గోరు లాంటిదే. దానికి నొప్పి తెలియదు. ఆ గోడకూ అడుగుభాగానికీ మధ్య సన్నగా తెల్లటి గీత. ఆ గీత లోపలి వైపు నెత్తురాడే మెత్తటి మాంసం. మేకు ఆ గీతకు బయటి వైపునే దిగాలి. దిగి, గోడలోంచే వాలుగా పోయి, పైన బయటికి రావాలి. అందుకే లాడపు మేకు కొస ఒక పక్కకు చెక్కి ఉంటుంది, కొడుతుంటే తనంతట తానే బయటికి తిరిగేలా. కొస బయటికి వచ్చాక తుంచి, మడిచి, ఆకురాయితో నున్నగా రుద్దుతారు. గుర్రం గిట్ట గోడ కంటే ఎద్దు గిట్ట గోడ పలచన. కాబట్టి మేకూ సన్నది, ఛాన్సూ సన్నదే.

రెండు చీలికల మధ్య లోపలి అంచుకు మేకు కొట్టరు. అక్కడ గోడ మరీ పలచన. మడమ వైపు కొట్టరు. అది మెత్తన, అడుగు వేసినప్పుడు కాస్త సాగుతుంది. మేకులు పక్కపక్కన గుచ్చినట్టు కొట్టరు. కొడితే గోడ పెచ్చులూడుతుంది. ఇన్ని ‘కొట్టరు’లు పోగా మిగిలిన చోటే మేకు చోటు.

ఇంకో తమాషా ఉంది. లాడం పట్టు కోసం అని మనం అనుకుంటాం. ఇనుప బిళ్ళ ఉన్నది అరుగుదల ఆపడానికి. తడిసిన బండ మీద నున్నటి ఇనుము వట్టి గిట్ట కంటే ఎక్కువ జారుతుంది! పట్టు ఇచ్చేది ఆ బిళ్ళ మీద కొంచెం లేచి ఉన్న మేకుల తలలు. అవి అరిగి బిళ్ళతో సమానమైన రోజు లాడం ఉన్నా లేనట్టే. సాయిబు వేలితో తడిమి, “తలకాయలు పోయినాయి అన్నా, ఇంక నడిపించొద్దు” అనేవాడు మా నాయనతో.

ఇక అసలు కథకు వస్తాను.

1979. ‘డ్రైవర్ రాముడు’ వచ్చిన ఏడాది. రామారావుగారు లారీ స్టీరింగు పట్టుకుంటే ఊరూరా కుర్రాళ్ళు ఖాకీ చొక్కాలు కుట్టించుకున్నారు. మా పల్లెకు మాత్రం లారీ రాలేదు. బెల్లం కలికిరి దాకా బండి మీదే పోవాలి, అక్కణ్ణించి లారీ. గానుగ ఆడుతున్న రోజులు. ఆ బెల్లం డబ్బుతోనే మా అక్క పెళ్ళి. లగ్నం పెట్టేశారు. సరిగ్గా అప్పుడు సాయిబు కూతురు కాన్పని కడప పోయాడు. లాడాలు అరిగిపోయాయి. ఇంకో సంతలో ఇంకో మనిషి దొరికాడు. ఆయన చెయ్యి మహా జోరు. బిళ్ళకు నాలుగు కాదు, ఆరు మేకులు కొట్టాడు. “ఎన్ని ఎక్కువైతే అంత గట్టి” అన్నాడు. మేకు లెక్కన డబ్బు తీసుకున్నాడు.

మూడో రోజుకు కుడి ఎద్దు వెనక కాలు మోపడం మానేసింది. నిలబడితే కాలి కొస మాత్రమే నేలకు ఆనించేది. మేత ముట్టలేదు. ఆ రాత్రి మా నాయన పశువుల కొట్టంలోనే కూర్చున్నాడు. లాంతరు వెలుగులో ఎద్దు కళ్ళు చూశాను. అది కేక పెట్టలేదు. నొప్పి తెలిసినా ఎద్దు అరవదు, అదే దాని ఖర్మ. పెళ్ళికి 20 రోజులుంది. ఇంటి నిండా బెల్లం ఉంది. కదిలించే కాళ్ళు మూడున్నర జతలు!

సాయిబు కడప నుంచి వచ్చిన సాయంత్రమే మా నాయన పోయి పిలుచుకొచ్చాడు. ఆయన ఎద్దును పడేయించి, చిన్న సుత్తితో ఒక్కో మేకు తల మీద ‘టక్’ అని కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎద్దు కదల్లేదు. నాలుగోది కొట్టగానే ఒళ్ళంతా జలదరించింది. ఆ మేకు పట్టకారుతో లాగాడు. మేకు వెంట చీము, నెత్తురు. ఆయన మాట్లాడలేదు. రంధ్రం కొంచెం పెద్దది చేసి, చీము కారనిచ్చి, వేడినీళ్ళతో కడిగి, వేపనూనె గుడ్డ పెట్టి కట్టాడు. “రేపు పశువుల ఆస్పత్రికి పోయి సూది వేయించన్నా, ఇనుప గాయం, ఊరుకోవద్దు” అన్నాడు. తరువాత ఆ మేకును వేళ్ళ మధ్య తిప్పి నాకు చూపించాడు. “చూడు. మంచి మేకే. ఇనుము మంచిది, కొస మంచిది. చోటే మంచిది గాదు. ఒక గింజంత లోపలికి పోయింది.”

గింజంత! ఆ గింజంత తేడా ఖరీదు మా ఇంట్లో అందరికీ తెలిసింది. పక్క పల్లె మావ బండి అడుక్కొని, కూలిచ్చి, బెల్లం తోలాం. పెళ్ళి జరిగింది గాని, మా అమ్మ చేతి గాజులు రెండు పీలేరులో ఉండిపోయాయి. ఎద్దు బతికింది. నెలన్నర తర్వాత కాడి కిందికి వచ్చింది. అయితే రెండు ఎద్దులకూ ఒకేసారి కొత్త లాడాలు కొట్టందే సాయిబు బండి కట్టనివ్వలేదు. ఒకదానికి కొత్తవి, ఒకదానికి అరిగినవి ఉంటే, పట్టున్న ఎద్దు ముందుకు లాగుతుంది, పట్టులేనిది జారుతుంది, బండి వంకర పోతుంది. పట్టు అనేది ఒకదానికి ఉంటే చాలదు, జతకు ఉండాలి.

‘ఇదంతా సినిమా పత్రికలో ఎందుకయ్యా?’ అంటారా? ఆగండి, ఇంటర్వెల్ తర్వాత సీను మారుతుంది. ఈసారి లొకేషను అమెరికా!

ఆ పెళ్ళయిన మా అక్క కొడుకు ఇప్పుడు మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకట్టి, మనుషులు వాటి మీద బండ్లు నడుపుతారు. మనవాడు ఒక పాత స్నోమొబైలు కొన్నాడు. మంచు మీద నడిచే మోటారు బండి అది. ముందు రెండు స్కీలు, అంటే చెక్కబల్లల్లాంటి జారుడు కాళ్ళు. వెనక చక్రాల బదులు ఒక వెడల్పాటి రబ్బరు పట్టీ గిరగిరా తిరుగుతూ బండిని తోస్తుంది. ఆ పట్టీకి ఇనుప మేకులు బిగించుకోవచ్చు, గడ్డకట్టిన నీటి మీద జారకుండా.

పోయిన చలికాలం వాడు ఫోను చేశాడు. “మామా, డబ్బాలో 144 మేకులు వచ్చాయి. పట్టీకి రంధ్రాలు పొడవాలి. ఎక్కడెక్కడ పొడవాలో అర్థం కావడం లేదు. ఒకసారి పొడిస్తే పూడ్చలేను. ఇక్కడ ఒక్కొక్కడు ఒక్కో మాట చెబుతున్నాడు.” ఫోటో పంపించాడు. నల్లటి పట్టీ, 121 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు. గాలిలో చలి సున్నాకు 25 డిగ్రీలు కింద. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. చెరువు నడిమధ్యన బండి చెడితే ఆ చలిలో నడిచి రావాలి. వాళ్ళమ్మ పెళ్ళికి బెల్లం తోలడానికి పడిన అవస్థ వాడికి తెలియదు.

“రేయ్, ఎన్ని కొట్టాలి అనేది తర్వాత. ఎక్కడ కొట్టకూడదో ముందు చెప్పు” అన్నాను. ఇద్దరం కూర్చుని, వాడు అక్కడా నేనిక్కడా, ఒక్కొక్కటే లెక్క తేల్చాం.

మొదటిది, నేల ఏమిటి? ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) గుర్తుందా? కృష్ణగారి గుర్రాలు రాజస్థాన్ ఇసుకలో ఉరికాయి. ఇసుకలో గిట్ట తనంతట తానే దిగబడుతుంది, మేకుతో పనిలేదు. మేకు గొడవంతా బండ మీద, తారు మీద. మంచూ అంతే. మెత్తటి, లోతైన మంచులో మేకులు దండగ. అక్కడ పట్టీకి ఉండే పొడుగాటి రబ్బరు పళ్ళే తవ్వి లాగుతాయి. మేకు పనికొచ్చేది గట్టిపడిన చెరువు మీద, నలిగి నున్నబడిన దారి మీద. మావాడు పోయేది చెరువు మీదికే. సరే, మేకులు కావాలి.

రెండోది, బరువు ఎక్కడ పడుతుంది? ఎద్దుకు వెనక కాళ్ళలో బయటి చీలిక మీద, ముందు కాళ్ళలో లోపలి చీలిక మీద భారం ఎక్కువ. సాయిబు ఆ బిళ్ళలు ఎక్కువ జాగ్రత్తగా చూసుకునేవాడు. స్నోమొబైలు పట్టీకి అడ్డంగా మూడు వరసలు. నడి వరస ఒకటి, అటూ ఇటూ రెండు. తిన్నగా లాగడానికి, బ్రేకు పట్టడానికి నడి వరస మేకులు బాగా పనిచేస్తాయి. పక్క వరసల్లో కూడా కొడితే మలుపుల్లో బండి తోక కొట్టదు. కాని పక్కన కొట్టేవి లోపలి భాగాలకు తగిలే ప్రమాదం ఎక్కువ.

మూడోది, ప్రాణం ఎక్కడుంది? ఎద్దుకు తెల్లగీత లోపల. ఈ యంత్రానికి ఆ పట్టీ తిరిగే డొప్ప లోపల, ఇంజను నీళ్ళు చల్లబరిచే గొట్టాలున్నాయి. మేకు మరీ పొడుగైనా, బిగింపు వదులై లేచినా, ఆ గొట్టాన్ని చీలుస్తుంది. నీళ్ళు కారి ఇంజను ఆగిపోతుంది. అందుకే మేకు కొస రబ్బరు పళ్ళకు పైన పావు అంగుళం, మహా అయితే పావు అంగుళంన్నర లేచి ఉంటే చాలంటారు. పట్టీలో పళ్ళచక్రం పట్టుకోవడానికి ఉన్న కన్నాల అంచున రంధ్రం పొడవకూడదు, పట్టీ చిరుగుతుంది. రెండు చీలికల మధ్య కొట్టరని సాయిబు చెప్పలేదా, ఇదీ అంతే!

నాలుగోది, ఒక మేకు గీసిన గీతలోనే ఇంకో మేకు నడవకూడదు. ముందుది తవ్విన గాడిలో వెనకదానికి కరుచుకోవడానికి ఏముంటుంది? అందుకని మేకులు అడ్డదిడ్డంగా, అంటే లెక్కగా అడ్డదిడ్డంగా ఉండాలి. ఒక్కోటి తన గీత తాను గీసుకోవాలి.

ఐదోది, జత. వెనక పట్టీకి బోలెడు మేకులు కొట్టి, ముందు స్కీల కింద గట్టి కార్బైడు కడ్డీలు వేయకపోతే, వెనక తోస్తుంది, ముందు తిరగదు. హ్యాండిలు తిప్పినా బండి తిన్నగా పోతుంది. తిన్నగా పోయి చెట్టుకు! కొత్త లాడం ఎద్దూ, అరిగిన లాడం ఎద్దూ ఒకే కాడికి కట్టినట్టే.

ఇంతా తేలాక వాడు నోరు తెరిచాడు. “అయితే మామా, 144 అక్కర్లేదేమో!”

“నువ్వు చెప్పు.”

“నడి వరసకు 96 చాలు. ముందు స్కీలకు కడ్డీలు కొంటా.”

మా సాయిబు వినుంటే మీసం దువ్వుకునేవాడు.

ఇనుప మేకుకు ఇంకో గుణముంది. పట్టు ఇచ్చేది కూడా అదే, గాయం చేసేదీ అదే. అమెరికాలో కొన్నిచోట్ల తారు పరిచిన బాటల మీద మేకుల పట్టీతో పోనివ్వరు, తారు పోతుందని. మన దగ్గర పొలంలో బురద దున్నడానికి ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించి, అట్లాగే రోడ్డెక్కితే జరిమానా వేస్తారు. ఆ మాటకొస్తే ‘బెన్‌హర్’ (1959) రథాల పందెం తలచుకోండి. మెస్సాలా రథానికి ఇరుసు కొసన తిరిగే కత్తిపళ్ళుంటాయి. ఆ ఇనుము వాడికి నేల మీద పట్టు ఇవ్వలేదు. పక్కవాడి చక్రం కొయ్యడానికి పెట్టినది అది. చివరికి ఊడింది వాడి చక్రమే! తెల్ల గుర్రాల చార్ల్‌టన్ హెస్టన్ కోసం మీరు చప్పట్లు కొట్టండి, తప్పు లేదు. నేను బెంగుళూరులో చూసినప్పుడు ఆ ఇరుసు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఈ రోజుల్లో మీలాంటి కుర్రకారుతో మాట్లాడితే ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ఆ కోర్సు, ఈ కోర్సు, ఇంకో ట్యూషను, ఇంకో సర్టిఫికెట్టు... ఎన్ని ఎక్కువైతే అంత గట్టి! వింటుంటే నాకు ఆ రెండో సంత మనిషి ఆరు మేకులు గుర్తుకొస్తాయి. దేనికి పట్టు కావాలి, బరువు ఎక్కడ పడుతుంది, ఎక్కడ గుచ్చితే నెత్తురొస్తుంది? ఇవి అడిగిన తర్వాత సుత్తి ఎత్తితే మంచిది. ఉపదేశం అనుకోకండి. లాంతరు వెలుగులో ఆ ఎద్దును చూసినవాడికి ఈ మాత్రం చాదస్తం ఉంటుంది.

కలికిరిలో ఇప్పుడు లాడాల చెట్టు కింద ఎవరూ కూర్చోరు. బండ్లకు రబ్బరు టైర్లు వచ్చాయి, తర్వాత బండ్లే పోయాయి. టమోటా బుట్టలు ఆటోల్లో మదనపల్లె మార్కెట్టుకు పోతున్నాయి. సాయిబు ఎప్పుడో కన్నుమూశాడు. ఆయన గురించి ఒక్క సంగతి చెప్పడం మరిచాను. ఆయన డబ్బు ఎప్పుడూ మేకు లెక్కన తీసుకోలేదు, కాలి లెక్కన తీసుకునేవాడు. మూడు మేకులతో నిలిచే బిళ్ళకు నాలుగోది కొట్టేవాడు కాదు. ఎద్దు లేచి నిలబడి, నాలుగడుగులు వేసి, నాలుగు కాళ్ళూ సమంగా మోపిందని తన కళ్ళతో చూశాకే చెయ్యి చాపేవాడు.